మూడు రోజులు ఆపిన ఇంజను

నిజాం పాలన చివరి ఏళ్లవి. వేములపల్లికి దగ్గరలోనే మా ఊరు. వాగు ఒడ్డున మాకు మూడు మోట బావులుండేవి. వాటికి కూతవేటు దూరంలో, మిట్ట మీద, ఆముదాలు తప్ప ఏమీ పండని చెలక ఉండేది. వ్యవసాయమంతా మా అన్నే చూసేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. చదువు మధ్యలో మానేసి వచ్చినవాణ్ణి, ఏదో ఒకటి చేసి చూపించాలన్న తహతహ ఉండేది.

కోదాడలో మా మామగారి తోటకు వెళ్లినప్పుడు మొదటిసారి ఆయిలింజను చూశాను. ఆయన మురిసిపోతూ, "ఎన్నాళ్లని ఎద్దులతో తోడిస్తారు అల్లుడుగారూ? ఇది పెట్టించండి, మీ మిట్టక్కూడా నీళ్లెక్కుతాయి" అన్నారు. ఇంటికి వచ్చాక ఇక నాకు వేరే ధ్యాస లేదు. నెలరోజులు వెంటపడితే అన్న ఒప్పుకున్నాడు.

ఇంజను ఎడ్లబండి మీద వచ్చింది. దాన్ని బిగించడానికి సూర్యాపేట నుంచి మేస్త్రీ వచ్చాడు. పెద్ద బావిని మరో రెండు నిలువుల లోతు తవ్వించి, మిట్ట దాకా గొట్టాలు, కాలువ వేయించాం. నీళ్లు మిట్ట ఎక్కిన రోజున ఊరంతా వచ్చి చూసింది. ఆ ఏడు చెలకలో వరి పండింది. మరుసటి ఏడు మిగతా రెండు బావులకూ ఇంజన్లు పెట్టించాను. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మూడూ నడుస్తుండేవి. ఆ చప్పుడు వింటుంటే నా గొప్పతనమే వింటున్నట్టుండేది.

వాగు దిగువన ఒక గొర్ల కాపరుల కుటుంబం ఉండేది. ముసలి భార్యాభర్తలు, ఇద్దరు కొడుకులు, కోడళ్లు. కోతలయ్యాక ఎరువు కోసం మా పొలాల్లో మంద కట్టేది వాళ్లే. వాళ్లకు బావి లేదు. వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమ నీళ్లే మనుషులకూ, గొర్లకూ.

రెండో ఏడు ఫాల్గుణంలో ఆ ముసలామె మా బావి దగ్గరికి వచ్చింది.

"సిన్న పటేలా, జర వచ్చి సూడు. మా సెలిమె ఎండింది."

"ఎండలు ముదురుతున్నయి గదా అవ్వా, ఎండదా మరి?"

"నేను కోడలుగ వచ్చినప్పటి సంది సూస్తున్న. కరువుల గూడ ఎండలే. నీ ఇంజన్లే మా నీళ్లు గుంజుతున్నయి."

నాకు కోపం వచ్చింది. "మా బాయి మాది. మీ సెలిమె నీళ్లు దాంట్లకు ఎట్ల వస్తయి?" అన్నాను.

"గదంత నాకెర్కలేదు. మూడొద్దులు బందు పెట్టు. నీళ్లు రాకుంటె నా మాట అబద్ధమనుకో."

నాదే నిజమన్న ధీమాతో సరేనన్నాను. అన్న సూర్యాపేటలో చుట్టాల పెళ్లికి పోయి ఉన్నాడు కాబట్టి ఇంజన్లు ఆపడానికి అడ్డు చెప్పేవాళ్లు లేరు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఇసుక తడిసింది. మూడో రోజు ఆమె నన్ను తీసుకుపోయి చూపించింది. చెలిమలో నాలుగు వేళ్ల లోతు నీళ్లున్నాయి. చిన్న కోడలు కొబ్బరిచిప్పతో తోడి కుండలో పోస్తుంటే గొర్లు ఆమెను తోసుకుంటూ మీదికి వస్తున్నాయి. గెలిచానన్న గర్వం ముసలామె ముఖంలో లేదు.

"రోజిడ్సి రోజు నడుపుకో పటేలా, సాలు. మేం బతుకుతం, నీ పొలం గూడ బతుకుతది" అంది.

చూద్దామని చెప్పి వచ్చేశాను. మిట్ట మీద వరి పాలు పోసుకునే దశలో ఉంది. మళ్లు అప్పుడే నెర్రెలు విచ్చాయి. ఆ సాయంత్రం అన్న వచ్చి చూసి కేకలేశాడు. "ఈనిన పొలాన్ని ఎండబెడ్తవా? మతి ఉన్నదా నీకు?"

చూసింది చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంజన్లు పెట్టించమని వెంటపడ్డవాణ్ణి నేనే. "పెద్ద బాయి ఇంజను చెడిపోయింది, ఇప్పుడే బాగైంది" అన్నాను. తెల్లారి మూడూ మొదలుపెట్టించాను.

ముసలామె మళ్లీ వచ్చింది. ఆమె నోరు తెరవకముందే నేనే, "ఎగువల వాన పడ్డదట అవ్వా, అందుకే నీళ్లొచ్చినయి" అన్నాను. ఫాల్గుణంలో వాన! ఆమె నా ముఖంలోకి చూసి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత వాళ్లు మందను తోలుకుని పెద్దవూర వైపు వెళ్లిపోయారు. కృష్ణ దగ్గరైతే నీళ్లు దొరుకుతాయని పెద్దకొడుకు ఎవరితోనో చెప్పాడట. ఆ ఏటి వరి మిర్యాలగూడకు బండ్ల మీద పోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు మాఘం దాకా పారాల్సిన వాగు కార్తీకానికే ఆగిపోయింది. ఒడ్డున తుంగ మాడింది, ఈతచెట్ల మట్టలు ఒక్కొక్కటే వేలాడిపోయాయి. మా బావుల్లోనూ నీళ్లు కిందికి పోయాయి. ఇంజన్లను బావి లోపల దిమ్మెల మీదికి దించాం, మళ్లీ ఇంకా కిందికి దించాం. చివరికి గంట నడిస్తే పూటంతా ఆపాల్సి వచ్చేది. మిట్ట మీద మళ్లీ ఆముదాలే వేశాం.

ఆ ఎండాకాలంలో నేను పెద్దవూర దాకా వెతుక్కుంటూ పోయాను. ఊరి బయట గుడిసె ముందు ఆమె ఉన్ని విడదీస్తూ కూర్చుని ఉంది. దారిలో సగం మంద చచ్చిపోయిందని, ముసలాయన మంచాన పడ్డాడని చెప్పింది.

"ఆనాడు వాన పడలే అవ్వా. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకెర్కే." ఆమె చేతులు ఆగలేదు. "పెద్ద పటేల్‌నే అడుగుదామనుకున్న. నువ్వు మంచోనివని నీ తానికొస్తి."

తిరిగి వచ్చేయమన్నాను. ఇంజన్లు ఇప్పుడు సరిగా నడవడం లేదని కూడా అన్నాను. ఆ మాట ఎంత అన్యాయంగా ఉందో అన్నాకే తెలిసింది.

"యాడికి రావాలె పటేలా? గాడ ఏమున్నది?" అంది. విడదీసిన ఉన్ని పక్కన పెట్టి, "ఎండ ముదరకముందే ఎల్లు. శాన దూరం పోవాలె" అంది.

మా అన్న బతికి ఉన్నంతకాలం ఆయనకు ఆ మూడు రోజుల సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే రోజు విడిచి రోజు నడపడానికి ఒప్పుకునేవాడేమో. కేకలేసినా, వినేవాడే.