చైనుకు రెండు వేళ్ళ వదులు

మా ఇంట్లో వదులుగా ఉన్న వస్తువు ఏదీ బతికి బట్టకట్టదు. మా మామయ్యగారిది పైపుల పని. ఆయన పెద్ద కొడుకు, అంటే మా బావగారిదీ అదే పని. చిన్న కొడుకు, అంటే మా ఆయనదీ అదే. ముగ్గురి చేతులకీ ఒకటే జబ్బు, ఏది తగిలినా ఓ చుట్టు బిగించందే ఊరుకోరు. పంచదార డబ్బా మూత తియ్యాలంటే మేం కోడళ్ళిద్దరం చెరో పక్కా పట్టుకుని కుస్తీ పట్టాలి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. నా మిషను బెల్టు మీద మా ఆయన ఓసారి చెయ్యి పెడితే అది వారం రోజులు మూలిగింది. నెత్తీ నోరూ కొట్టుకున్నా ఒక్కరూ చెవిన వేసుకోరు.

ఇలాంటి ఇంట్లో మా అక్క తన మోటార్‌సైకిల్‌ని మళ్ళీ బయటికి తీసింది.

అక్క అంటే నా తోడికోడలు. పెళ్ళికి ముందు మందుల హోల్‌సేల్ షాపులో పనిచేసేది. మందుల పెట్టెలు బండికి కట్టుకుని ఊరంతా తిరిగి అందించేదట. ఆ బండి ఆమెతోనే ఈ ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళు నడిపింది కూడా. తర్వాత పిల్లలు, వాళ్ళ జ్వరాలు, ఆ పైన అత్తగారు మంచాన పడటం. బండి వెళ్ళి పైపుల షెడ్డులో టార్పాలిన్ కింద పడుకుంది. నడపొద్దని ఎవరూ అనలేదు. ఏమ్మా, ఈమధ్య నడపట్లేదేం అని కూడా ఎవరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇన్నాళ్ళకి ఒక రక్తపరీక్షల ల్యాబువాళ్ళకి ఇంటింటికీ వెళ్ళి రక్తం సీసాలు తెచ్చే మనిషి కావాల్సి వచ్చింది. సొంత బండి ఉండాలి, వాళ్ళ మేనేజరు ముందు నడిపి చూపించాలి. పాత షాపు పరిచయంతో అక్కకి కబురొచ్చింది. "నలభై దాటినదాన్ని. ఇది పోతే నన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారే?" అంది నాతో. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

బండిని బతికించడానికి ఆమె పడ్డ పాట్లు నా మిషను పక్క కిటికీలోంచి రోజూ చూశాను. ట్యాంకులో పాత పెట్రోలు రంగుడబ్బా కంపు కొడుతుంటే పారబోసింది. కార్బురేటర్ విప్పి, మూసుకుపోయిన సన్నటి రంధ్రాన్ని ఊది ఊది బుగ్గలు నొప్పెట్టించుకుంది. ప్లగ్గు గీకింది. ఆయిలు మార్చింది. పగుళ్ళు తేలిన టైర్లూ, చచ్చిన బ్యాటరీ వీధి చివర మెకానిక్కు దగ్గర కొత్తవి వేయించింది. కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాచాక, చివరికి ఓ సాయంత్రం బండి దగ్గింది, తుమ్మింది, స్టార్టయింది. మేమిద్దరం షెడ్డులో చిన్నపిల్లల్లా గెంతాం.

"ఇక చిన్న చిన్న సర్దుళ్ళే మిగిలాయి," అని కూర్చుంది. చైను మధ్యలో వేలు పెట్టి పైకెత్తి చూపించింది. "ఇదిగో, ఇక్కడ రెండు వేళ్ళంత ఆడాలి. మనిషి ఎక్కితే బండి కిందికి దిగుతుంది కదా, అప్పుడు చైను లాగుతుంది. అందుకే ముందే వదులుంచాలి." క్లచ్ లివరు కూడా అంతే, పట్టీపట్టగానే లాగకూడదు, కాస్త ఊరికే కదలాలి, లేకపోతే ఇంజను తిరిగినా చక్రానికి ఊపు అందదు. వెనక బ్రేకు పెడలూ అంతే, లేకపోతే చక్రాన్ని పట్టేసుకుని రాసుకుంటుంది. నాకు సులువుగానే అర్థమైంది. నడుం దగ్గర పిసరు వదులు లేకుండా కుట్టిన జాకెట్టు వేసుకుని కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలియదా?

మర్నాడు పొద్దున చూస్తే చైను బట్టలారేసే తీగలా బిగిసి ఉంది. లెక్క తప్పానేమో అనుకుని అక్క మళ్ళీ సరిచేసింది. ఆ తర్వాతి రోజు చైనుతో పాటు క్లచ్చూ మారిపోయింది. ఆ పై రోజు బ్రేకు. మళ్ళీ మొదటినుంచి. విసుగొచ్చి స్పానరు విసిరికొట్టి నేలమీద చతికిలబడింది. "నా చేతులు పని మర్చిపోయాయే. రాత్రి సరిగ్గా పెట్టాననే అనుకుంటున్నాను, పొద్దున్నకి తప్పే ఉంటోంది."

"బావగారిని అడగరాదూ?"

"అడిగితే ఏమంటారో తెలుసుగా. నీకెందుకీ తిప్పలు అంటారు. అది వినలేను."

పరీక్ష రోజు పొద్దున ఆమె బండిని ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఇంకా చెడగొడతానేమోనని భయం. తోడు రమ్మంటే నేను వెనకెక్కాను. వీధి మలుపు తిరిగేసరికే ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం ముందుకు పోనంటోంది. కింద చైను కీచుమంటోంది. వెనక చక్రం దగ్గర మాడు కంపు. ల్యాబు ఆవరణలో సగం చుట్టు తిరిగి సరిగ్గా మేనేజరు కాళ్ళ ముందు ఆగిపోయింది. చుట్టూ చేరిన వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు కూడా ఆడమనిషే, మర్యాదగానే మాట్లాడింది. "బండి వదిలేసి చాలా కాలమైనట్టుందమ్మా. గురువారం ఇంకోసారి రండి. అప్పటికీ ఇంతే అయితే వేరేవాళ్ళని చూసుకుంటాం, ఏమనుకోకండి."

దారంతా బండిని నెట్టుకుంటూ వచ్చాం. గేటు దగ్గర బావగారు ఎదురొచ్చి, "పోనీలే, ప్రయత్నించావుగా. అదే చాలు," అన్నారు, ఎంతో ప్రేమగా. తిట్టినా బాగుండేది. నేను పళ్ళు నూరుకుంటూ లోపలికి పోయాను.

బుధవారం సాయంత్రం ఆమె ఆఖరిసారిగా అన్నీ సరిచేసింది. నట్లు వాటంతటవే కదులుతున్నాయేమో అని తన అనుమానం. నేను నా బట్టలు గీసే సుద్ద తెచ్చి ప్రతి నట్టు మీంచీ పక్క ఇనుము మీదకి ఒక్కో గీత గీశాను. కదిలితే గీత విరుగుతుంది, ఏది ఎటు తిరిగిందో తెలుస్తుంది.

గురువారం పొద్దున్నే టీకి నీళ్ళు పెట్టి వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, పళ్ళు తోముకుంటూ మామయ్యగారు షెడ్డులోకి వెళ్ళారు. బండి దగ్గర ఆగారు. బొటనవేలితో చైను ఎత్తి చూశారు. నాలుక చప్పరించారు. బ్రష్షు నోట్లోనే ఉంచుకుని, స్పానర్లందుకుని, వెనక చక్రం దగ్గర వంగారు.

నేను షెడ్డులోకి ఎలా వెళ్ళానో నాకే తెలియదు. వెళ్ళేసరికి పని అయిపోయింది. "ఏం చేస్తున్నారు మామయ్యా!" అని నేను అరిచిన అరుపుకి ఆయన బ్రష్షు కింద పడింది.

"చైను వేలాడిపోతోంది అమ్మాయ్. నేను రోజూ బిగిస్తున్నా మళ్ళీ వదులవుతోంది. దార్లో ఊడితే పెద్దమ్మాయి పడిపోదూ?"

క్లచ్ దగ్గర చూశాను. సుద్దగీత విరిగింది. బ్రేకు దగ్గరా విరిగింది. రెండూ బిగింపు వైపే. ఇల్లు ఎగిరిపోయేలా అన్నదమ్ములిద్దర్నీ పిలిచాను.

"లివరు ఊగుతోంది కదా అని కొంచెం..." అన్నారు బావగారు.

"వదిన కాలు పెట్టగానే బ్రేకు పడాలని..." అన్నాడు మా ఆయన.

ఒకరు చేస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. ముగ్గురూ ఆమె క్షేమం కోరే చేశారు, ముగ్గురూ కలిసి కొంప ముంచారు. గుమ్మంలో నిలబడి అక్క అంతా వింది. ఏడుస్తుందనుకున్నాను. కాదు, నేరుగా వచ్చి బావగారి ఎదురుగా నిలబడింది.

"నన్ను ఒక్క మాట అడిగారా? చేతులు చెడిపోయాయని ఇన్ని రోజులూ నన్ను నేనే తిట్టుకున్నాను. అంతమంది ముందు తలదించుకుని వచ్చాను. పోనీలే అన్నారు మీరు!"

అక్క బావగారిని బండెక్కి కూర్చోమంది. నన్ను వెనక ఎక్కమంది. "మామయ్యా, ఇప్పుడు చైను పట్టుకుని చూడండి."

ఆయన వంగి వేలు పెట్టారు. ఎత్తబోయారు. అది ఇనప కడ్డీలా ఉంది, పిసరు కదల్లేదు.

"మీరు పైపు బిగిస్తే నీళ్ళు ఆగుతాయి," అంది అక్క. "దీన్ని బిగిస్తే నేను ఆగిపోతాను."

ఆమె అక్కడే కూర్చుని మళ్ళీ చైను, క్లచ్చు, బ్రేకు వరసగా సరిచేసుకుంది. మామయ్యగారు పక్కన నిలబడి అడిగిన స్పానరల్లా అందించారు. టైము దగ్గర పడుతోందని నేను గోల పెట్టాను. ఆమె మాత్రం తొందరపడలేదు. ఈసారి ఒంటరిగానే వెళ్ళింది.

ఆ రోజు ముగ్గురూ పనికి పోలేదు. పోయినా బాగుండేది, ఇంట్లో కనపడ్డ ప్రతి కుళాయినీ ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటూ నా ప్రాణం తీశారు. ఎండ నడినెత్తికొచ్చాక వీధి చివర బండి చప్పుడు వినిపించింది. అరుపుల్లేవు, కీచుల్లేవు. బండి గేట్లోకి తిరిగింది. అక్క వెనక, బెల్టు పట్టీలతో కట్టిన ల్యాబు తెల్ల పెట్టె.

మామయ్యగారు పెట్టె దగ్గరికొచ్చారు. ఒక పట్టీ కాస్త జారి ఉంది. ఆయన చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది, మధ్యలోనే ఆగింది.

"ఇది బిగించొచ్చా అమ్మా?" అని అడిగారు.

అక్క హెల్మెట్ తీసింది. "బిగించండి మామయ్యా. సాయంత్రం అందులో రక్తం సీసాలుంటాయి."