బతికుండగా గోడెక్కిన పేరు

లోయలో బొగ్గు అయిపోయాక ఆ ఊరికి మిగిలిన పని తనను తాను చూపించుకోవడమే. మూతపడిన గనిని చూడవచ్చినవాళ్ళను వెంటబెట్టుకు తిప్పే పెద్దాయన్ని అందరూ దీపాల తాత అనేవారు. ఇరవై ఏళ్ళు బొగ్గు తవ్వి, కాలు దెబ్బతిన్నాక గని దీపాల గదిలో తల నెరిసినవాడు.

ఆయన మొదట చూపించేది ఇత్తడి బిళ్ళలు. గనిలోకి దిగేవాడు తన అంకె ఉన్న బిళ్ళ తీసుకుపోవాలి, పైకొచ్చాక మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపలే ఉన్నట్టు. కంపెనీ లెక్కపెట్టేది మేకుల్ని, మనుషుల్ని కాదు.

చివర చూపించేది, గని కప్పు కూలి చనిపోయిన తొమ్మిది మంది పేర్లు చెక్కిన గోడ. అందులో ఐదో పేరు ఆయనదే. ఆ సంగతి మాత్రం వచ్చినవాళ్ళెవరికీ చెప్పేవాడు కాదు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆ రోజు ఆయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఒక్క పూట మానినా పని ఊడే కాలం. తమ్ముడు తన సెలవు వదులుకుని, అన్న బిళ్ళ జేబులో వేసుకుని దిగాడు. బయటికి తీసిన శవాల్లో గుర్తుపట్టడానికేం మిగల్లేదు, బిళ్ళలు తప్ప. మార్పిడి బయటపడితే కంపెనీ ఇల్లు ఖాళీ చేయాలి. తల్లి అందరి నోళ్ళూ మూయించింది. మర్నాటి నుంచి అన్న తమ్ముడి బిళ్ళతో, తమ్ముడి పేరుతో దిగాడు. ఇద్దరిదీ ఒకే పోలిక. మసి పట్టాక ఆ కాస్త తేడా కూడా లేదు. తోటివాళ్ళు కడుపులో పెట్టుకున్నారు.

"పోయినవాళ్ళకి మారు వడ్డించాలా?" అని, అంతా తెలిసిన భార్య వేళాకోళం చేసేది. ఆయనా నవ్వేవాడు.

ఇన్నేళ్ళకు తల్లి మంచం పట్టి, చివరి రోజున చిన్నకొడుకుని పేరు పెట్టి పిలిచింది. అలవాటుగా ఈయనే పలికాడు. ఆమె తేరిపార చూసి, "నువ్వు కాదు" అంది.

దినాలు కాగానే ఆయన కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళి, గోడ మీద పేరు మార్చమన్నాడు. ఇన్నేళ్ళూ దొంగ పేరుతో బతికానని ఒప్పుకున్నట్టవుతుందని, ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుందని మేనేజరు మెత్తగా బెదిరించాడు. ఇంటికొచ్చి భార్యకు చెబుదామని చూస్తే, ఇల్లు వదలడానికి ఆమె అప్పటికే అటక మీది పెట్టెలు దించుతోంది.

మరుసటి బస్సులో వచ్చినవాళ్ళను గోడ ముందు నిలబెట్టి, "ఐదో పేరు తప్పు. అది నాది. ఇక్కడ పోయింది మా తమ్ముడు" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు.

మేనేజరు పక్కకు పిలిచి, "రేపట్నించి మీరు రానక్కర్లేదు" అన్నాడు.

"రాకేం? టికెట్టు కొనుక్కుని వస్తా."

అన్నట్టే వచ్చాడు. పదహారు రోజులు గోడ పక్కనే నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. పదిహేడో రోజున మేనేజరు, మొహం గంటు పెట్టుకుని, కాగితమూ కలమూ తెచ్చి, మీ తమ్ముడి పూర్తి పేరు రాసివ్వమన్నాడు.

ఇన్నేళ్ళూ తాను సంతకం పెట్టిన పేరే. తమ్ముడి పేరుగా రాయడం మాత్రం అదే మొదటిసారి.