బొట్టు కోసం తీసిన గార్డు

మా పెద్దాయన పోయారని ఫోను వచ్చినప్పుడు నేను సత్తెనపల్లి దగ్గర ఒక కారం మిల్లులో బేరింగు మారుస్తున్నాను. చేతుల నిండా గ్రీజు, కళ్ళలో మిరప ఘాటు. తుడుచుకుందామంటే ఇంకా మండుతాయి. "మా ఓనరుగారు పోయారండి" అన్నాను మిల్లు ఆయనతో. "అయ్యో, పనిదేముంది, రేపు చేద్దువుగాని, వెళ్ళు" అన్నాడు. నేను వెళ్ళలేదు. పని సగంలో వదిలేసి వస్తే పెద్దాయన పాడె మీంచి లేచి తిట్టే మనిషి. బేరింగు బిగించి, మిషను తిప్పి చూసి, అప్పుడు బస్సెక్కాను.

పేపర్లో ఆయన్ని పారిశ్రామికవేత్త అని రాశారు. చదివితే ఆయనే నవ్వేవారు. చిలకలూరిపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక్క లేతు మిషనుతో మొదలుపెట్టి, పత్తి మిల్లుల వాళ్ళకి అరిగిపోయిన షాఫ్టులు చేసిపెట్టిన మనిషి. కారం మిషన్లు తర్వాత వచ్చాయి. ఇవాళ ఈ చుట్టుపక్కల మిరప ఊళ్ళలో మా కంపెనీ మిషను లేనివి తక్కువ. అయినా ఆయన చొక్కా జేబులో పెన్ను చూసినవాళ్ళు లేరు, స్క్రూడ్రైవరు ఉండేది. దాని కొన మిషను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. "మిషను ఎప్పుడూ నిజమే చెబుద్దిరా, మనమే చెవి దగ్గర పెట్టం" అనేవారు. వదులు నట్టు కనబడితే షెడ్డు ఎగిరిపోయేలా అరిచేవారు. మెచ్చుకుంటే మాత్రం ఒకటే మాట, "పర్లేదు". ఆ పర్లేదు కోసం మేమంతా చచ్చేవాళ్ళం.

ఆయన మంచితనం గురించి చాలామంది చెబుతారు. నాకు మాత్రం ఒక సంగతి చెప్పకుండా ఆయన్ని పొగడ్డానికి మొహం చెల్లదు.

ఇరవై ఏళ్ళ కిందట పర్చూరు వైపు ఒక ఊళ్ళో కొత్త మిల్లులో మిషను బిగించడానికి వెళ్ళాను. అప్పటికే నాకు ఇద్దరు పిల్లలు, చిన్నతనం అని తప్పించుకోవడానికి లేదు. మన దగ్గర పూజ చెయ్యకుండా మిషను తిప్పరు కదా. నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ. బొట్టు మాత్రం తిరిగే చక్రానికే పెట్టాలంటారు. ఆ చక్రానికీ బెల్టుకీ అడ్డంగా ఇనప రేకు ఒకటి ఉంటుంది, గార్డు అంటాం. పూజ కోసం దాన్ని విప్పి గోడకి ఆనించి, నాలుగు బోల్టులూ నా సంచిలో వేసుకున్నాను. పూజయ్యాక మిల్లు ఆయన, "ఉండనీవయ్యా, బొట్టు కనపడతా ఉంటే కళగా ఉంది. రేపు బిగిద్దువులే" అన్నాడు. పులిహోర, బూరెలు పెట్టారు. తిని వచ్చేశాను. మర్నాడు ఇంకో ఊరి పని తగిలింది.

మూడో రోజు, ఆ మిల్లులో కాయలు పోసే సువార్తక్క పైటకొంగు బెల్టులో పడింది. లాక్కోబోతే కుడిచెయ్యి వెళ్ళింది. రెండు వేళ్ళు పోయాయి.

పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని మిల్లుకి వచ్చారు. మిల్లు ఆయన సువార్తక్కతో ఆస్పత్రిలో ఉన్నాడు, షెడ్డులో మేమిద్దరమే. "గార్డు బిగించావా?" అని అడిగారు. "బిగించానండి, వాళ్ళే తీసుంటారు" అన్నాను. ఉద్యోగం పోతుందని భయం, పోలీసులొస్తారని భయం. ఆయన స్పానరు కోసం నా సంచిలో చెయ్యి పెట్టారు. బయటికి తీసేసరికి గుప్పిట్లో నాలుగు బోల్టులున్నాయి. వాటిని దాచాలన్న తెలివైనా నాకు లేకపోయింది. ఆయన నా వైపు చూడలేదు. కింద కూర్చుని నాలుగూ తనే బిగించారు.

అక్కణ్ణుంచి ఒంగోలు ఆస్పత్రికి వెళ్ళాం. మంచం పక్కన నిలబడి, "తప్పు నాదమ్మా" అన్నారు. సువార్తక్క మొహం గోడవైపు తిప్పుకుంది. నేను ఆయన వెనకాలే ఉన్నాను.

మర్నాడు కంపెనీలో అందర్నీ పిలిచారు. "పూజకి గార్డు విప్పాల్సొచ్చిందంటే, ఆ గార్డు బొమ్మ గీసినోడిది తప్పు. గీసింది నేను. మనోళ్ళు బొట్టు పెడతారని తెలిసి కూడా దానికి చోటు ఉంచలా" అన్నారు. అప్పట్నుంచి మా ప్రతి గార్డు మీదా బొట్టు పెట్టుకోవడానికి అరచేతి అంత ఇత్తడి బిళ్ళ ఉంటుంది. గార్డు విప్పితే మోటారు తిరగదు. పాత మిషన్లకి కూడా ఊరూరా తిరిగి మార్పించారు. మాది ఇంజనీరింగు కంపెనీయా, పూజా స్టోరా అని నవ్వినవాళ్ళున్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఏటా ఒకసారి సువార్తక్క ఇంటికి వెళ్ళి, కంపెనీలో పనికి రమ్మని అడిగేవారు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి పంపేసేది. నేను జీపు దిగేవాణ్ణి కాదు. ఒకసారి తిరిగొస్తూ, "నేను చెప్పేస్తానండీ" అన్నాను. "నా కోసమైతే చెప్పమాక. నీకు చెప్పాలనిపిస్తే చెప్పుకో" అన్నారు. నేను చెప్పలేదు. అది పిరికితనం, ఇంకో పేరు లేదు.

పెద్దకర్మ భోజనాలకి సువార్తక్క వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది. ఇక ఆగలేకపోయాను.

"అక్కా, ఆ రోజు గార్డు బిగించకుండా వచ్చేసింది నేను. ఆయన కాదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఆయనకి తెలుసా?"

"తెలుసక్కా."

"ఇరవై ఏళ్ళురా. వచ్చిన ప్రతిసారీ ఆయన్ని ఎండలో నిలబెట్టా. మంచినీళ్ళు కూడా ఇవ్వలా." కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి నడిచి, బంతిలో కూర్చుంది.

ఎవరో అన్నం వడ్డించి వెళ్ళారు. పప్పు గిన్నె పట్టుకుని వస్తున్నది నేను. వరసలో ఆవిడ దగ్గరికి వచ్చి గరిటె వంచబోయాను. సువార్తక్క తలెత్తలేదు. విస్తరి మీద కుడిచెయ్యి అడ్డం పెట్టింది. లేని రెండు వేళ్ళ సందులోంచి తెల్లటి అన్నం కనపడుతోంది.