దొరకని లైబ్రరీ

నంద్యాలలో బస్సెక్కింది మొదలు నా ల్యాప్‌టాప్ ఒకటే పాట పాడుతోంది: లైబ్రరీ దొరకలేదు. నెట్లో అందరికీ ఉచితంగా దొరికే కోడుతో నేనే బిల్డ్ చేసుకున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము అది. అది నడవడానికి కావలసిన కోడుండే ఫైలునే లైబ్రరీ అంటారు; ఆ ఫైలు ఫోల్డరులో నా కళ్లెదుటే ఉంది.

"లైబ్రరీ ఇక్కడే ఉంటే దొరకలేదంటుందేమిటి!" అని పైకే విసుక్కున్నాను.

పక్కసీటు పెద్దాయన పుస్తకాలుండే లైబ్రరీ అనుకున్నాడు.

"మా ఊర్లోనూ అంతేప్పా. లైబ్రరీని వేరే ఇంట్లోకి మార్చినారు, ఎవురికీ చెప్పల్యా. జనం పాత తావుకు పోయి, లేదనుకోని ఎనక్కి పోతాండారు. నేనొక్కణ్ణే ఆడ పేపరు సదువుకుంటా కూచుంటాండా."

నవ్వబోయి ఆగాను. నేనూ ఫైలును కొత్త ఫోల్డరులో పెట్టానే గాని, అక్కడ వెతకమని సిస్టంకు చెప్పలేదు. వెతకాల్సిన చోట్ల జాబితాలో ఆ ఫోల్డరును చేర్చగానే ప్రోగ్రాము నడిచింది.

ఆళ్లగడ్డ రాకముందే ఆయన ఊరొచ్చింది. "ఇప్పుడు నీకు తెల్సింది గదా, ఒగసారి రాప్పా" అంటూ దిగిపోయాడు.

ఫోను తీశాను. నేనూ ఎవరికీ చెప్పకుండా ఇల్లు మారి ఏడాదైంది. ఎవరూ రావడం లేదని అప్పట్నుంచీ నిష్ఠూరపడుతూనే ఉన్నాను. కొత్త అడ్రసు మొత్తం టైపు చేశాను. ఎవరికి పంపాలో మాత్రం ఎంతకీ తోచలేదు.