గండం గడిచిన మనిషికి ఎంత లోతు?

మీకు ఈత వచ్చా? వచ్చు అనడానికి తొందరపడకండి. ఛాతీ దాటిన నీళ్ళలోకి మీరు చివరిసారి ఎప్పుడు దిగారో చెప్పండి, చాలు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ప్రయాణికులను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఈత వచ్చా అని అడిగితే దాదాపు అందరూ వచ్చనే అంటారు. పక్కన భార్య ఉంటే మగవాళ్ళు ఇంకాస్త గట్టిగా అంటారు. చివరిసారి ఎప్పుడు అని అడిగితే మాత్రం కళ్ళు పైకెత్తి ఆలోచనలో పడతారు. నాకు కావలసిన జవాబు ఆ ఆలోచనలోనే దొరికేది.

ఖతార్‌లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగిన మరుసటి చలికాలం, దోహా రేవు నుంచి బయలుదేరే ఒక చిన్న క్రూయిజ్ ఓడలో నన్ను సేఫ్టీ ఆఫీసర్‌గా వేశారు. అంతకుముందు అదే ఊళ్ళో ఒక స్కూల్లో చాలా ఏళ్ళు ఈత కోచ్‌ని. ఓడ మూడు రాత్రులు తిరిగేది. దోహా నుంచి ఉత్తరంగా వెళ్ళి, మదీనత్ అల్ షమాల్ వైపు తీరానికి దూరంగా లంగరు వేసి, మళ్ళీ వెనక్కి. ఓడ మీద ఎవరి మాటకైనా పైమాట కెప్టెన్‌ది. ఒక్క విషయంలో మాత్రం నాది. ఎవరు ఏ నీళ్ళలోకి దిగవచ్చో నేను చెప్పాలి. నేను వద్దన్న మనిషిని పడవ ఎక్కించే అధికారం కెప్టెన్‌కు కూడా లేదు.

స్నార్కెలింగ్ అంటే కళ్ళకూ ముక్కుకూ అద్దమున్న మాస్క్ తగిలించుకుని, నోట్లో పైపు పెట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ కింద ఉన్నది చూడటం. ఈత రాకపోయినా పరవాలేదని ప్రకటనల్లో రాస్తారు. అది సగం నిజం. ముఖం నీళ్ళలో ఉండగా నోటితో ఊపిరి తీయమంటే శరీరం తిరగబడుతుంది. పైపులోకి గుక్కెడు ఉప్పునీళ్ళు వస్తే, ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు వెంటనే తల పైకెత్తి నిలబడబోతారు. కాళ్ళకు నేల అందితే దగ్గి, నవ్వుకుంటారు. అందకపోతే నేను దూకాలి.

మా దగ్గర రెండు రకాల ట్రిప్పులుండేవి. ఒకటి లోతు పడవ. తీరానికి దూరంగా పగడపు దిబ్బల మీద ఆగుతుంది, నిచ్చెన దిగితే కాళ్ళ కింద ఏమీ ఉండదు. రెండోది ఒడ్డు పడవ. ఇసుక మీద దింపితే మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా నడుచుకుంటూ వెళ్ళి, సముద్రపు గడ్డి మీద తేలడం. బ్రోచర్‌లో పెద్ద ఫోటో లోతు పడవది. అందరూ ఆ ఫోటో మీదే వేలు పెడతారు.

భాస్కర్ గారు కూడా దాని మీదే వేలు పెట్టారు.

మొదటి సాయంత్రం ట్రిప్పుల కౌంటర్ దగ్గరికి భార్యాభర్తలు వచ్చారు. ఆయన గ్యాస్ ప్లాంట్‌లో ఇంజనీరు, కాపురం దోహాలోనే, అల్ ఘర్రాఫాలో. సొంత ప్రాంతం జగిత్యాల వైపు అయినా హైదరాబాదు చదువుల భాష మాట్లాడేవారు. ఆమె పేరు రేణుక. మాట్లాడినంతసేపూ ఊరి భాషే. ఆయన కాంట్రాక్టు పూర్తయింది, వచ్చే నెల ఖతార్ వదిలి హైదరాబాదు వెళ్ళిపోతున్నారు. వెళ్ళేలోపు ఆమెకు సముద్రం లోపల ఏముందో చూపించాలని ఈ ప్రయాణం పెట్టుకున్నారట.

"ఇద్దరికీ లోతు పడవ రాసెయ్యండి మేడం. ఇద్దరికీ ఈత వచ్చు," అన్నారాయన.

నేను ఆమెను అడిగాను, చివరిసారి ఛాతీ దాటిన నీళ్ళలో ఎప్పుడున్నారని. ఆమె భర్త వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది.

"ఛాతీ దాకెందుకు మేడం, పిక్కలు మునిగే దాక గూడ నన్ను దిగనియ్యలే. నాకు జలగండం ఉండె."

పుట్టినప్పుడు జాతకం రాసినాయన నలభై అయిదు ఏళ్ళు నిండేదాకా నీళ్ళ వల్ల ప్రాణగండం ఉందన్నాడట. వాళ్ళది గోదావరి ఒడ్డు ఊరు. అన్నదమ్ములు నీళ్ళలో ఉంటే ఆమె పని ఒడ్డున వాళ్ళ బట్టలకు కాపలా. పుష్కరాలకు ఊరంతా మునిగితే ఆమెకు ఒడ్డున నిలబెట్టి చెంబుతో పోశారు. పెళ్ళయి, సముద్రం మూడు వైపులా ఉన్న దేశానికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు కార్నిష్ మీద, అంటే సముద్రం గట్టు వెంట వేసిన బాట మీద నడిచింది. రెయిలింగ్ దాటలేదు.

"మా తమ్ముడు కండ్లు తెరిచి మునిగేటోడు. ఎర్రగ చేసుకొని వచ్చి, అక్కా, చాపలు నిలబడే నిద్ర పోతున్నయని చెప్తుండె. నేను బట్టలు పట్టుకొని ఇనుడే," అంది. ఆ 'ఇనుడే' అన్న మాటలో ఫిర్యాదు లేదు. అందుకే నాకు బాధ కలిగింది.

భాస్కర్ గారు ఉత్సాహంగా అందుకున్నారు. కిందటి నెల ఆమెకు నలభై అయిదు నిండాయట. ఊళ్ళో సిద్ధాంతి గారికి వీడియో కాల్ చేస్తే, గండం గడిచింది, ఇక నీళ్ళు ఆమెను ఏమీ చేయవు అన్నారట. అందుకే మంచి ట్రిప్పు, అంటే లోతు పడవ.

నేను కాకినాడ దాన్ని. మా నాన్న మా ముగ్గురికీ జాతకాలు రాయించలేదు. ఉప్పుటేరులో ఈత నేర్పించాడు. సాయంత్రాలు టౌన్ హాల్లో జరిగే చర్చలకు తీసుకెళ్ళి, ఎదుటివాడి వాదంలో పగులు ఎక్కడుందో వెతకమనేవాడు. అలా పెరిగినదాన్ని ఊరుకోలేకపోయాను. మీ ప్లాంట్‌లో ట్యాంకులోకి మనిషిని దించే ముందు ఏం చేస్తారని భాస్కర్ గారిని అడిగాను. గ్యాస్ టెస్ట్ అన్నారు. ఆక్సిజన్ ఎంతుందో మీటరుతో చూస్తాం, బయట ఒక మనిషిని కాపలా పెడతాం, పర్మిట్ రాస్తాం అని క్రమంగా చెప్పుకొచ్చారు. ఆ మనిషి జాతకం చూడరా అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "నమ్మకాల జోలికి రాకండి మేడం. మీ పని పడవలు."

"పడవ గురించే చెబుతున్నాను. ఆమె లోతు పడవ ఎక్కడానికి వీల్లేదు."

వాదం గెలిచానని అనుకున్నాను. ఆయన కాసేపు బల్ల మీద చూపుడు వేలితో గీతలు గీసి, నేను ఊహించని చోటికి చేరారు. "గండం గడిచిందని మనం అనుకున్నాం. కానీ సముద్రం దాకా వచ్చాక అడ్డం పడిందంటే, ఇంకా ఏదో శేషం ఉన్నట్టే. అసలు వద్దులే రేణుకా. డెక్ మీద కూర్చుని చూద్దాం."

చూశారా, మూఢనమ్మకం ఎంత సులభంగా గోడ దూకుతుందో? పావుగంట క్రితం అదే నమ్మకం ఈత రాని మనిషిని నడిసముద్రంలో దింపబోయింది. ఇప్పుడు నడుం లోతు నీళ్ళు కూడా దక్కనివ్వదు. రెండుసార్లూ అడగాల్సిన మనిషిని అడగలేదు. రేణుక చేతిలో సంచీ పట్టీని మెలితిప్పుతూ నిలబడింది. నెల తర్వాత ఆమెకు ఈ సముద్రం ఉండదు. ఒడ్డు పడవ ఉందని నేను ఎంత చెప్పినా ఆయన వినలేదు. వెళ్ళిపోతుంటే ఆమె వెనక్కి తిరిగి చూసింది, నా వైపు కాదు, బ్రోచర్ వైపు.

పక్కనే మాస్కులు తుడుస్తున్న గంగాధర్ అంతా విన్నాడు. నిర్మల్ దగ్గరి పల్లెవాడు, లేబర్ క్యాంపుల్లో ఉంటూ కూలిపని చేసి, ఈత బాగా రావడంతో మా దగ్గర గైడ్ అయ్యాడు. చేతికి తాయెత్తు కట్టుకునేవాడు.

"మేడం, మీరు బాగనే మాట్లాడిన్రు గని, ఆమెను ఒడ్డు మీదనే కూసోబెట్టిన్రు," అన్నాడు.

"నువ్వు తాయెత్తు కట్టుకుని నాకు చెబుతున్నావా?"

"మా అమ్మ కట్టింది. ఆమెకు గల్ఫంత దుబాయే. నేను దుబాయ్‌ల ఉన్ననన్నదే తెలుసు, సముద్రంల ఉన్ననని తెల్వది. తాయెత్తు అమ్మ కోసం మేడం, లైఫ్ జాకెట్ నా కోసం."

మర్నాడు ఉదయం మా నియమం ప్రకారం ఓడ మీది కొలనులో పరీక్ష పెట్టాను. మూడే అంశాలు. ముఖం ముంచి పైపుతో ఊపిరి తీయాలి, బోర్లా తేలాలి, తేలుతున్నవాళ్ళు తిరిగి నిలబడాలి. మూడోదే ముఖ్యం. నడుం లోతులో మునిగిపోయేవాళ్ళు లోతు వల్ల మునగరు. బోర్లా ఉన్న ఒంటిని నిలువుగా తెచ్చుకోవడం తెలియక మునుగుతారు. మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, రెండు చేతులతో నీళ్ళను కిందికి నొక్కి, ఆఖర్న తల ఎత్తాలి. తల ముందు ఎత్తితే కాళ్ళు తేలిపోతాయి.

అందరికంటే ముందు రేణుక వచ్చింది, ఒంటరిగా. చుడీదార్ మీద చున్నీ పిన్నుతో బిగించుకుని ఉంది.

"ఆయన పండుకున్నడు మేడం. టెస్టే గదా, టెస్టుకు ఏ గండం అడ్డం రాదు," అంది.

ఒంటికి అతుక్కునే నిండు సూట్ ఇచ్చాను. చలికాలం ఖతార్ నీళ్ళు చల్లగా ఉంటాయి. పుస్తెలతాడు తీయమని మేం ఎవరినీ అడగం. సూట్ లోపల వేసి జిప్పు పెడితే లైఫ్ జాకెట్ పట్టీలకు చిక్కుకోదు. మెట్లు దిగుతూ, పిక్కలు మునిగిన చోట ఒకసారి కిందికి చూసుకుంది. నడుం దాకా వచ్చాక ఆగి, నీళ్ళ మీద అరచేయి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. నేను తొందరపెట్టలేదు. మొదటిసారి ముఖం ముంచి వెంటనే లేచి దగ్గింది. తర్వాత కాస్త ఎక్కువసేపు ఉంది. తేలడం వచ్చింది. నిలబడటం చాలాసార్లు తప్పింది, నా భుజం పట్టుకుంది, మళ్ళీ పడుకుంది. చివరకు తనంతట తాను లేచి నిలబడి, పైపు తీసి, చుట్టూ చూసింది, ఎవరైనా చూశారా అన్నట్టు.

చూశారు. భాస్కర్ గారు కొలను గట్టు మీద నిలబడి ఉన్నారు.

ఆయన కోప్పడతారని అనుకున్నాను. కోపం ఉంది, కానీ ఆమె నీళ్ళలో నిలబడి ఉండటం దాని దారి మళ్ళించింది. "నేనూ దిగుతాను. పక్కన నేనుంటే భయం లేదు," అన్నారు. గంగాధర్ మాస్క్ ఇచ్చి, అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్దమన్నాడు. ఎంగిలా అని ఆయన వెనక్కి తగ్గారు. "మీ ఉమ్మే గద సార్, మీకే ఎంగిలెట్లయితది? యల్లా, కానియ్యిన్రి," అన్నాడు గంగాధర్.

భాస్కర్ గారు కొలను లోతు వైపున అడ్డంగా ఈదబోయారు. చిన్నప్పటి ఈత, బారలు బాగానే ఉన్నాయి. సగం దాటేసరికి మీసాల సందు నుంచి మాస్క్‌లోకి నీళ్ళు కారాయి. మీసం ఉన్నవాళ్ళకు అంచు అతుక్కోదు, వేజలీన్ రాయాలి. అది చెప్పేలోపే బయలుదేరారు. ముక్కులోకి నీళ్ళు పోయాయి, తల ఎత్తారు, కాళ్ళు తేలాయి. నేను చేయి అందించేలోపు రెండు గుక్కలు మింగి గట్టు పట్టుకుని వేలాడారు.

రేణుక నడుం లోతులో నిలబడే ఉంది. గొంతు పెంచలేదు.

"మీ జాతకంల నీళ్ళ గండం లేదు గదా. మరి మీరెందుకు మునిగిన్రు?"

ఆయన దగ్గుతూనే ఉన్నారు. నేను ఆ ముందు సాయంత్రం చెప్పినదానికీ ఆమె అడిగినదానికీ అర్థంలో తేడా లేదు. అయితే ఆమె నీళ్ళలో నిలబడి అడిగింది, ఆయన నీళ్ళు మింగి విన్నారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఒడ్డు పడవలో రెండు సీట్లున్నాయా అని నన్ను అడిగారు.

గాలి తగ్గాక, ఆటుపోట్ల మధ్య నీళ్ళు కదలకుండా ఉండే వేళ చూసి బయలుదేరాం. ఈత రానివాళ్ళకు ఊదితే ఉబ్బే జాకెట్లు ఇవ్వను. భయంలో ఊదడం మరచిపోతారు. లోపల నురగ ఉన్నవే ఇస్తాను. నలుగురికి ఒక గైడ్. భాస్కర్ గారి మీసానికి వేజలీన్ దట్టంగా పట్టించాడు గంగాధర్. ఆ ఉత్తర తీరంలో నీళ్ళు ఎంతో దూరం దాకా నడుం దాటవు. ఎండ అడుగుదాకా దిగి ఇసుక మీద వలలాగా కదులుతుంది. గడ్డి మధ్య సన్న చేపల గుంపు మనిషి నీడ పడితే ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది.

రేణుక ముఖం ముంచింది. పైపు కొనలో ఊపిరి మొదట గబగబా వినిపించి, మెల్లగా నిదానించింది. నేను పక్కన నడుస్తూ ఉన్నాను. చాలాసేపటికి మోకాళ్ళు లాక్కుని, చేతులు నొక్కి, తల చివర్లో ఎత్తి నిలబడింది. పైపు తీసి, దూరంగా కనబడుతున్న ఒడ్డు వైపు చూసింది.

"మేడం, ఇదంత ఇక్కడనే ఉండెనా? మేము ఉన్నన్ని ఏండ్లు?"

ఉంది అన్నాను. ఆమె మళ్ళీ ముఖం ముంచింది. భాస్కర్ గారు కాస్త దూరంలో, నిలబడటం సాధన చేస్తూ ఉన్నారు. పడవ వెళ్ళే వేళయిందని గంగాధర్ రెండుసార్లు పిలిచాడు. ఆమె వినలేదు, లేదా విననట్టు ఉంది. నేనే మూడోసారి పిలవవద్దని చేయి ఊపాను.

నెల తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనూ కాకినాడ వచ్చేశాను. భుజం కీలు అరిగి బార వేయలేను. సాయంత్రాలు సామర్లకోట రోడ్డు పక్క ఇంట్లో కూర్చుంటే, పైపులో నా ఊపిరి నాకే వినబడే ఆ నిశ్శబ్దం గుర్తొస్తుంది. అది ఏ గదిలోనూ దొరకదు. ఆ ఆకుపచ్చ నీళ్ళ మీద ఇంకొక్క ఉదయం తేలితే బాగుండునని ఉంటుంది. ఆమెకు ఎన్ని ఉదయాలు పోయాయో లెక్క వేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఆ ట్రిప్పు నాకు నేర్పినది చెబుతాను. మొదటి స్నార్కెలింగ్ ట్రిప్పును ఫోటో చూసి ఎంచుకోకూడదు, మీలో బాగా ఈదేవాణ్ణి చూసి ఎంచుకోకూడదు. అందరిలో ఈత తక్కువ వచ్చినవారి కాళ్ళకు నేల అందే చోటు ఎంచుకోవాలి. నడిచి దిగే ఒడ్డు, కదలని నీళ్ళు, నురగ జాకెట్, దగ్గరలో గైడ్, ముందుగా కొలనులో పరీక్ష. వీటిలో ఒక్కటి లేకపోయినా పడవ ఎక్కకండి, డబ్బు కట్టేసినా సరే. ఇక జలగండం సంగతి. పిల్లకు నీళ్ళ వల్ల ప్రమాదమని చెప్పి నీళ్ళకు దూరంగా పెంచితే ఆ పిల్లకు ఈత రాదు. ఈత రాని మనిషి ఎప్పుడో ఒకనాడు నీళ్ళలో పడితే మునుగుతుంది. అప్పుడు జోస్యం ఫలించిందంటారు. మీరే రాసి, మీరే నిజం చేసి, నింద గ్రహాల మీద వేస్తారు.

మీ ఇంట్లో అలాంటి పిల్ల ఉంటే, సిద్ధాంతికి ఫోన్ చేయకండి. ఈ ఆదివారం ఆమె చేయి పట్టుకుని ఈత కొలనుకు తీసుకెళ్ళండి, కోచ్‌తో మాట్లాడండి, ఆమెతోపాటు మీరూ నీళ్ళలోకి దిగండి.