మాస్టారు వదిలిన బెత్తెడు గుడ్డ

నా పేరు బోనెల అప్పలనరసమ్మ. వయసు అరవై ఎనిమిదో, తొమ్మిదో. మాది విజయనగరం వైపు. ఇక్కడ ఉత్తరాదిన మునిర్కాలో మూడో అంతస్తు గదిలో నేనూ, మొగుడు పోయిన నా చెల్లెలూ ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్క గదిలో ఉండి చదువుకునే అమ్మాయి స్వాతి రాస్తోంది. నా మాటల్ని మెత్తబరచవద్దని ముందే చెప్పాను. మాస్టారు పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆఖరి పనిలో ఆయన చెయ్యి తప్పిందని మన తెలుగువాళ్ళంతా చెప్పుకుంటున్నారు. తప్పలేదు. అది చెప్పడానికే ఇది రాయిస్తున్నాను.

నోయిడాలో పెద్ద పెద్ద ఫోటోలు కాన్వాసు గుడ్డ మీద వేసే షాపులో మాస్టారూ నేనూ ఆరేళ్ళు పనిచేశాం. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోని సిద్ధం చెయ్యడం ఆయన పని. ప్రింటయిన గుడ్డని చెక్క ఫ్రేము మీద లాగి వెనక పిన్నులు కొట్టడం నా పని. ఆయనది రాజమండ్రి. ఎండాకాలమైనా చలికాలమైనా బూడిదరంగు చొక్కానే. "ఎర్ర చొక్కా వేసుకుంటే దాని నీడ తెర మీద పడుతుందమ్మా, మనిషి మొహం ఎర్రబడిందనుకుని తప్పు దిద్దుతాం" అనేవారు. షాపులో కుర్రకారు నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవారు కాదు.

ఎంత పెద్ద పనైనా ముందు ఒక్క కన్ను, కాస్త ముక్కు ఉన్న ముక్కని గుడ్డ మీద వేయించి గోడకి తగిలించేవారు. నన్ను పిలిచి దూరంగా నిలబెట్టేవారు.

"ఏం కనపడుతోందమ్మా?"

"కన్ను బాబూ. కన్ను కింద మసి పూసినట్టుంది."

"అదే. గుడ్డ రంగు తాగేస్తుంది. ఇంకాస్త వెలుగు పెట్టాలి."

మళ్ళీ వెళ్ళి దిద్దేవారు. మళ్ళీ ముక్క, మళ్ళీ నేను గోడ దగ్గర. అక్షరం రాని నన్ను అడిగి దిద్దుకున్న మనిషి నాకు ఇంకొకరు తగల్లేదు.

ఈ శీతాకాలం మొదట్లో కంటోన్మెంట్ నుంచి పద్మ అనే అమ్మాయి వచ్చింది. మన శ్రీకాకుళం పిల్ల. భర్త సైన్యంలో ఉండి సరిహద్దులో చనిపోయాడు. ఆయన్ని నిలువెత్తున గోడ మీద చూసుకోవాలని ఆమె ఆశ. ఈమెయిల్లో వచ్చిన ఫోటో ఒకటి సీడీలో తెచ్చింది. మాస్టారు తెర మీద పెద్దది చేసి చూపించారు. మొహం గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

"లేని కన్ను నేను పెట్టలేనమ్మా. ఉన్న కన్ను పోనివ్వను. ఇది ఎవరు తీశారో కనుక్కుని, ఆ కెమెరాలో ఉన్న అసలుది తెప్పించు" అన్నారు.

నెల తిరిగాక తెచ్చింది. అందులో ఆమె భర్త ఒంటరిగా లేడు. కుడివైపు అంచులోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి అతని వేలు పట్టుకుని ఉంది. ఎర్రగాజు ఉన్న చెయ్యి, వాళ్ళ పాపది. పాప ఫోటోలో పడలేదు. ఆ చెయ్యొక్కటే పడింది.

ఇక్కడ నా పని సంగతి చెప్పాలి. గుడ్డని ఫ్రేము చుట్టూ మడిచి పిన్నులు కొట్టాలంటే బొమ్మ చుట్టూ బెత్తెడు గుడ్డ అదనంగా ఉండాలి. లేకపోతే బొమ్మ అంచే వెనక్కి పోతుంది. పాప చెయ్యి సరిగ్గా అంచులోనే ఉంది. అందుకని మాస్టారు ఆ అంచునే అద్దంలో చూపినట్టు తిరగేసి బెత్తెడు పొడిగించారు. అలా చేస్తే తెర మీద చెయ్యి రెండుసార్లు కనపడుతుంది. ఫ్రేముకి ఎక్కాక ఒకటి పక్కకి పోతుంది, అసలుది ముందు నిలుస్తుంది. కాగితం మీద చిన్నది తీసి సబ్బుపెట్టెకి చుట్టి నాకూ, ప్రింటు మిషను మీద ఉండే రమణకీ చూపించారు. పాప చెయ్యి ముందే ఉంది. మా కళ్ళతో చూశాం.

ఆ మర్నాడే ఆయనకి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు.

పద్మ వచ్చే రోజు దగ్గరపడింది. యజమాని తానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "యే దో హాథ్ క్యోం? మాస్టర్ పాగల్ హో గయా క్యా?" రెండు చేతులేమిటి, మాస్టారికి పిచ్చెక్కిందా అని ఆ పొడిగింపు అంతా కోసేసి, బొమ్మని గుడ్డ నిండా సాగదీసి, మాస్టారి పని చెరిగిపోయేలా దాని మీదే సేవ్ చేసేశాడు. ప్రింటు నా బల్ల మీదకి వచ్చింది. చుట్టూ అదనపు గుడ్డ లేదు.

"భయ్యా, చెయ్యి ఎనక్కి ఎల్లిపోతాది" అన్నాను.

"లగా దో అమ్మా, టైమ్ నహీ హై." టైము లేదు, కొట్టెయ్యమన్నాడు.

లాగాను. పిన్నులు కొట్టాను. నలభై ఏళ్ళుగా ఎవడి మాటా పడని నేను, పని పోతుందని భయపడి, ఆ పసిచేతిని నా చేతులతో చెక్క వెనక్కి మడిచాను.

సాయంత్రం పద్మ పాపని తీసుకుని వచ్చింది. పాప ఎక్కువ హిందీయే మాట్లాడుతుంది. బొమ్మ అంచు దగ్గరకి వెళ్ళి, "మమ్మీ, మేరా హాథ్ కహాఁ గయా?" అని, తన చెయ్యి ఎక్కడికి పోయిందని అడిగింది. యజమాని వెంటనే అందుకున్నాడు. "మాస్టర్‌జీ సే గల్తీ హో గయీ. బీమార్ థే న." మాస్టారే తప్పు చేశారట, ఒంట్లో బాగోలేదట. నేను అక్కడే ఉన్నాను. కింద పడ్డ పిన్నులు ఏరుకున్నాను.

ఆ మాటే ఆసుపత్రిలో మాస్టారికీ చెప్పాడు. నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఆయన నా వైపు చూశారు.

"చుట్టూ బెత్తెడు వదిలాను కదమ్మా? నువ్వు చూశావు కదా?"

పక్కన యజమాని. నేను సెలైను సీసా వంక చూస్తూ నిలబడ్డాను. మాస్టారు "మందులకి బుర్ర పనిచెయ్యడం లేదులే" అన్నారు. మూడో నాడు పోయారు. తానే మరిచిపోయాననుకుని పోయారు. ఆయన పోయిన పదో రోజున షాపులో అందరినీ నిలబెట్టి, యజమాని మళ్ళీ అదే మాట చెప్పాడు, పాపం చివర్లో చెయ్యి తప్పింది అని.

తప్పు కోసినవాడిదీ, కొట్టినదానిదీ. మాస్టారిది కాదు. షాపులోంచి తీసేస్తే తీసెయ్యనీ. ఆయన బతికుండగా చెప్పాల్సిన మాట ఇది. ఆలస్యం చేశాను. దీనికి మీరు నన్ను క్షమించకండి.

మొన్న కంటోన్మెంట్ వెళ్ళి పద్మకి అంతా చెప్పాను.

"మళ్ళీ విప్పి కొట్టలేవా అమ్మమ్మా?"

"ముందుకి లాగితే సెక్కకి పట్టుకోడానికి గుడ్డేదీ తల్లీ? మాస్టారు సేసిందాన్ని ఆడు సెరిపేసినాడు, అలాగ మళ్ళీ సేసేవోలు లేరు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. బొమ్మని తిప్పి వెనక ఏముందో చూపించమంది. తిప్పాను. చెక్క పక్కన వేళ్ళు, వెనక మణికట్టు, దాని మీద ఎర్రగాజు. మడతలో రంగు పగిలి వేళ్ళ మధ్య తెల్లటి గీతలు. పాప వచ్చి తన చెయ్యి దాని పక్కన పెట్టి చూసుకుంది. పద్మ బొమ్మని మళ్ళీ తిప్పబోతే పాప ఒప్పుకోలేదు. "ఐసే హీ రెహనే దో", ఇలాగే ఉండనీ అంది. తండ్రి మొహం గోడ వైపు ఉండిపోయింది. ఇటు వైపు తెల్లటి గుడ్డ, నేను కొట్టిన పిన్నుల వరస, ఆ చివర ఎర్రగాజు.

రాసింది చదివించుకుని విన్నాను. నేను చెప్పిందే ఉంది. నా వేలు ఇక్కడ వేశాను.

(బోనెల అప్పలనరసమ్మ వేలిముద్ర)

ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు: జి. రమణ, ప్రింటు మిషను పనివాడు
ఎస్. పద్మ, పాప తల్లి
రాసింది: కె. స్వాతి, మునిర్కా