బావ నియాన్ చేపలూ, నా ఎర్ర గుంపూ

అనకాపల్లి మొత్తం మీద గాజుతొట్టెలో పచ్చి మొక్కలు పెంచి, వాటి మధ్య చిన్నచేపల గుంపును తిప్పిన మొట్టమొదటి మనిషిని నేనేనని మొన్న చేపల కొట్లో గట్టిగానే చెప్పాను. చెప్పవలసి వచ్చింది మరి. మా మనవరాలు కొత్తగా తొట్టె కొనుక్కుని నన్ను వెంటబెట్టుకు వెళితే, ఆ కొట్టాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నియాన్ చేపల్ని ఒకటీ రెండూ కొంటే బెంగపెట్టుకుని మూల నక్కుతాయని, గుంపుగానే కొనాలని, ముందు మొక్కలు నాటి, నీళ్లు కుదుటపడ్డాకే వాటిని వదలాలని పాఠం మొదలుపెట్టాడు. నా బోటివాడి నోరు ఊరుకుంటుందా?

ఇంటికొచ్చి నడుం వాల్చాక మనసు గుచ్చింది. మీ దగ్గర దాపరికమెందుకు, మొదటివాణ్ణి నేను కాదు. మా బావ, అంటే మా ఆవిడకి స్వయానా అన్నయ్య.

మన ఈడువాళ్లకి తెలుసు, ఆ రోజుల్లో ఇంట్లో చేప ఉందంటే అది దాకలోనే ఉండేది. నేను బెల్లం మార్కెట్లో గుమాస్తాని, కొత్తగా పెళ్లయినవాణ్ణి. బావ కాపురం పక్క వీధిలోనే. ఆయన డ్యూటీ మీద విశాఖపట్నం వెళ్లివస్తూ ఒకసారి గాలి నింపిన ప్లాస్టిక్ సంచీలో నియాన్ చేపల్ని తెచ్చి, ఇంట్లో గాజుతొట్టె పెట్టి అందులో వదిలాడు. నీలం గీత, కింద ఎర్ర గీత, అన్నీ కలిసి ఒక్కసారే తిరిగేవి, ఎవరో తెర వెనక నుంచి దారం లాగినట్టు. చుట్టూ రిబ్బన్లలాంటి ఆకుపచ్చ మొక్కలు, వాటి ఆకుల చివర ముత్యాల్లా గాలిబుడగలు. సాయంత్రం దీపం పెట్టాక మా ఆవిడ అక్కడికి వెళితే ఇక తిరిగి రావడమే ఉండేది కాదు. నేను మార్కెట్ నుంచి ఒళ్లంతా బెల్లపు జిగురుతో వచ్చి తాళం తీసుకునేవాణ్ణి. పిలవడానికి వెళ్లి నేనూ ఓ మాటు వంగి చూస్తే బావ నవ్వేవాడు.

"ఏటి బావా, అద్దానికి మొహం ఆనించకు. సేపలు జడుసుకుంటాయి."

నేను జడిపించే మొహమే కావచ్చు. కానీ పెళ్లాం ముందు అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. నాకూ ఓ తొట్టె ఉండాలి, మా ఆవిడ మా ఇంట్లోనే, నా తొట్టె ముందే కూర్చోవాలి! ఆ ఒక్క కోరికతో తిండి కూడా సహించేది కాదు.

తొట్టె కట్టించాను. మొక్కకి గెత్తం, అదే పెంట ఎరువు, వెయ్యాలని తప్ప నాకేం తెలుసు? ఇసక కింద చివికిన పశువుల గెత్తం దట్టంగా పరిచి కాలవలో నాచు తెచ్చి నాటితే, మర్నాటికి నీళ్లు డికాషన్ అయ్యాయి, వీధివీధంతా ముక్కు మూసుకుంది. అంతా పారబోసి, కడిగి, ఉత్త ఇసకలో మళ్లీ నాటితే నాచు బతికింది. ఇక చేపలు కావాలి. బావ తెచ్చిన రకమే నేనూ తెస్తే ఆయనకి శిష్యుణ్ణయిపోతాను కదా.

అలాంటి సమయంలో అత్తవారి ఊరు ఎస్. రాయవరం వెళ్లాం. వరిచేను పక్క బోదె కాలవలో ఎర్రగా, బంతిలా ఒక గుంపు పైకి తేలుతూ మునుగుతూ కనిపించింది. వేలికొసంత చేపపిల్లలు, పండుమిరపకాయ రంగు, ఒక్కటీ పక్కకి జరగదు. నా గుండె ఝల్లుమంది. నియాన్లు వీటి ముందు ఎందుకు పనికొస్తాయి! తువ్వాలుతో దేవుతుంటే పక్కనే ఏదో పెద్దది బుడుంగుమంది. కప్ప అనుకున్నాను. టౌనులో పుట్టినవాణ్ణి, కప్ప అనుకోక ఏమనుకుంటాను? టిఫిను కేరేజీ నిండా తెచ్చి నా నాచులో వదిలాను.

ఆ సాయంత్రం మా ఆవిడ పక్క వీధికి వెళ్లలేదు. పీట వేసుకుని నా తొట్టె ముందు కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ ఆనందం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. బావ వచ్చి చూసి, మీసాల చాటున నవ్వి, "బాగున్నాయి బావా, బాగా మేపు" అన్నాడు. అసూయతో అన్నాడనుకుని నేను మేఘాల్లో తేలాను.

తర్వాత ఎరుపు వెలిసింది. పిల్లలు నల్లబడ్డాయి, ఒకదాన్నొకటి మింగడం మొదలుపెట్టాయి. చివరికి మూరెడుకి దగ్గరపడిన ఒకే ఒక్క చేప అద్దంలోంచి నన్ను గుర్రుగా చూస్తుంటే, అది కొర్రమీనని, ఆనాడు బోదెలో బుడుంగుమన్నది కప్ప కాదు, వాటి తల్లి అని అప్పటికి తెలిసొచ్చింది. ఓ ఆదివారం మార్కెట్ నుంచి వచ్చేసరికి తొట్టె ఖాళీ. శారదా నదిలో వదిలేశానంది మా ఆవిడ. నలుగురిలో మాత్రం జాలిపడి నేనే నా చేతులతో వదిలానని చెప్పుకున్నాను.

ఇప్పుడు మొక్కలు చిన్న చిన్న కుండీల్లో అమ్ముతున్నారు, ఏ చేప పక్కన ఏది బతుకుతుందో కొట్టాయనే చెబుతాడు. పొరపాటు పడదామన్నా వీలులేదు. మనవరాలి తొట్టె చూడముచ్చటగా ఉంది, నిజమే. కానీ దాన్ని చూసి కుళ్లుకునే పక్కవీధి మనిషి లేడు. బావ పోయాక అసూయపడడానికి నాకూ మనిషి కరువయ్యాడు. ఆయన మీద కుళ్లుకున్న ఆ సాయంత్రాల్లో ఉన్నంత ప్రాణం నాలో మళ్లీ ఎప్పుడూ లేదు.

ఇదంతా రాసి, నా తొట్టె ముందు పీట వేసుకున్న ఆ ముచ్చట దగ్గర కాస్త గొంతు పెంచి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, తలెత్తకుండా అంది:

"ఏటండీ ఆ కోతలు! అవి కొర్రమీను పిల్లలని మొదటిరోజే తెలుసు నాకు. సెప్తే మీ మొహం సిన్నబోతాదని ఊరుకున్నాను. రోజూ కూకుని సూసింది అందం కాదు, పులుసుకి ఎప్పటికి ఎదుగుతాదా అని. శారదా లేదు, ఏటీ లేదు. ఆ ఆదివారం మీరు తిన్నది ఏటనుకున్నారు? తలకాయ ముక్క మా అన్నయ్యకేసేను."